నిర్మాణము కామ్యము, పోషణము నిత్యము: అంతరిక్ష కేంద్రము, అనంతరాజ సాగరము

కర్మను నిత్యము, నైమిత్తికము, కామ్యము అని మన పెద్దలు విభజించినారు. కామ్యకర్మకు ఫలము చెప్పబడియుండును. కోరిక గలవాడు చేయును, లేనివాడు మానును. నిత్యకర్మకు అట్టి ఆకర్షణ లేదు. సంధ్యావందనము చేసినవానికి ఎవరును శాలువ కప్పరు. చేయనిచో మాత్రము ప్రత్యవాయము కలుగును. ఈ విభాగము పూజాగృహమునకే పరిమితమని మనలో పలువురు భావించుచున్నారు. నా అభిప్రాయము వేరు. చెరువు కట్టుట, కోనేరు త్రవ్వించుట, నీటి తొట్టి నిర్మించుట కామ్యకర్మలు. వాటిని ప్రతిదినము కాపాడుట నిత్యకర్మ. మొదటిదానికి మనము పుణ్యమని పేరు పెట్టితిమి. రెండవదానికి కూలిపని అని పేరు పెట్టితిమి. కర్నూలు, కడప సీమల కష్టములో కొంత భాగము ఈ పేర్ల తారుమారు వలననే వచ్చినదని నా నమ్మకము.

ఈ విషయమును బోధించుటకు నేడు మనకు రెండు గురుస్థానములు కలవు. ఒకటి భూమికి సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున పరిభ్రమించుచున్న అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రము. రెండవది కడప జిల్లా పోరుమామిళ్ల వద్ద 1369వ సంవత్సరపు శాసనము గల అనంతరాజ సాగరము. ముందుగానే ఒక స్పష్టీకరణ అవసరము. మన పూర్వులకు అంతరిక్ష కేంద్రములు తెలియునని నేను చెప్పబోవుట లేదు. అట్టి వాదము విజ్ఞానమునకు మేలు చేయదు, శ్రద్ధకును మేలు చేయదు. ఈ రెండింటి సామ్యము ధర్మములో ఉన్నది. నీరును గాలియును కొలతకు లోబడియున్న చోట మనుష్యుడు ఎట్లు నడచుకొనవలెను? ఈ ప్రశ్న రెండు చోట్లను ఒక్కటే.

ఊపిరి నిలుచుటకు ఎన్ని చేతులు కావలెను?

భూమిపై మనము విడిచిన నిశ్వాసము వెచ్చనిదగుటచే పైకి లేచి, మన ప్రమేయము లేకయే దూరముగా పోవును. భారరహిత స్థితిలో పైకి, క్రిందికి అను భేదము లేదు. నిద్రించువాని నిశ్వాసము వాని ముఖము చుట్టూ మేఘము వలె నిలిచి, వానికి ఊపిరాడకుండ చేయగలదు. కనుక అక్కడ పంఖాలు రేయింబవళ్లు తిరుగుచునే ఉండవలెను. ఒక్కొక్కరికి దినమునకు సుమారు 840 గ్రాముల ప్రాణవాయువు కావలెను. వారు విడుచు బొగ్గుపులుసు వాయువు సుమారు ఒక కిలోగ్రాము. నీటిని విద్యుత్తుతో విడదీసి ప్రాణవాయువును పొందుచున్నారు. జియోలైటు అను ఖనిజపు గుళికల గుండ గాలిని పోనిచ్చి బొగ్గుపులుసు వాయువును పట్టుచున్నారు. ఆ గుళికలు అరిగి రాలిన ధూళియే కవాటములలో చేరి యంత్రమునకు అడ్డుపడిన సందర్భములు కలవు. అప్పుడు వ్యోమగాములే దానిని విప్పి శుభ్రము చేయవలసివచ్చినది.

ఇక నీరు. చెమట, శ్వాసలోని తేమ, మూత్రము, ఇవన్నియు అక్కడ తిరిగి త్రాగునీరగును. అందుకు వలసిన యంత్రములను 2008 నవంబరులో ఎండీవర్ నౌక మోసుకొనిపోయినది. 2009 మే మాసమున సిబ్బంది ఆ నీటిని త్రాగిరి. ఆ నెలలోనే కేంద్రములో నివసించువారి సంఖ్యను ముగ్గురి నుండి ఆరుగురికి పెంచిరి. ఈ క్రమమును గమనింపుడు: ముందు నీటికి దారి చూచుకొని, పిదప మనుష్యులను పెంచిరి. నూటికి 98 పాళ్లు నీటిని తిరిగి పొందగలిగితిమని 2023 జూన్‌లో నాసా ప్రకటించినది. పదునాలుగేండ్ల నిర్విరామ మరమ్మతుల తరువాత లభించిన సంఖ్య అది.

ఆ మరమ్మతులలో ఒకటి తత్త్వజిజ్ఞాసువులకు ప్రత్యేకముగా చెప్పదగినది. భారము లేని స్థితిలో ఎముకలకు పని తగ్గును. పని లేని ఎముక నుండి కాల్షియము కరిగి మూత్రములో పోవును. భూమిపై పరీక్షలలో చక్కగా నడచిన మూత్రశుద్ధి యంత్రము 2009లో అక్కడ మూసుకొనిపోయినది. మూత్రములోని అధిక కాల్షియము, ముందుగా కలుపు గంధకామ్లముతో చేరి, కాల్షియము సల్ఫేటుగా గడ్డకట్టినది. నూటికి 85 పాళ్లు నీరు తీయవలసిన యంత్రమును సుమారు 70 పాళ్లకు తగ్గించి నడిపిరి. కొన్నేండ్లకు గంధకామ్లమునకు బదులు ఫాస్ఫారికామ్లమును వాడి దోషమును తొలగించిరి. శరీరము వేరు, యంత్రము వేరు అనుకొన్నచో ఈ చిక్కు అర్థము కాదు. క్షేత్రములో కలిగిన క్షయమే గొట్టములో రాయియై కూర్చుండినది.

మరొక ఉదాహరణము. 2010 నుండి శుద్ధజలములో ఒక అపరిచిత పదార్థపు జాడ పెరుగసాగినది. విచారింపగా, గోడల సందులను మూయు జిగురు పదార్థములు, సిబ్బంది వాడుకొను లేపనములు మొదలైనవాటి నుండి గాలిలో చేరిన సిలికాను సంబంధిత ఆవిరులు దానికి మూలమని తేలినది. ఒకడు తన ఒంటికి పూసికొన్నది అందరి పానపాత్రలోనికి వచ్చినది. కర్మ తిరిగి వచ్చునను మాటను మనము జన్మాంతరములకు వాయిదా వేయుచుందుము. మూసిన ఇంటిలో అది కొన్ని దినములలోనే తిరిగి వచ్చును.

నిర్వహణములో లోపము ఎంత సూక్ష్మమైనను ఫలము సూక్ష్మము కాదు. 2013 జూలై 16న అంతరిక్షనడకలో ఉన్న ఇటలీ వ్యోమగామి లూకా పర్మిటానో శిరస్త్రాణములో ఒక లీటరుకు పైగా నీరు నిండి, ముక్కును కన్నులను కప్పినది. నీటిని గాలి నుండి వేరు చేయు భాగములోని అతి సన్నని రంధ్రములు ఖనిజపు రేణువులతో పూడుకొనుట అందుకు కారణము. 2022 మార్చి 23న అట్టి నడకనే ముగించుకొని వచ్చిన ఇరువురిలో జర్మనీకి చెందిన మథియాస్ మౌరర్ శిరస్త్రాణములో మరల నీరు కనబడినది. ఆ దినమున అతని సహచరుడు రాజాచారి. ఆయన తండ్రి హైదరాబాదు నుండి అమెరికా వెళ్లినవారు. నడక ముగియు వేళ కావుటచే అపాయము తప్పినది. సాధారణ నడకలను నెలల తరబడి ఆపి, కారణమును అన్వేషించిరి.

పోషించు చేయి లేకపోయినచో ఏమగునో సల్యూట్ 7 చెప్పును. 1984 ఏప్రిల్‌లో మన రాకేశ్ శర్మ సుమారు ఎనిమిది దినములు నివసించిన గృహమది. 1985 ఆరంభమున, లోపల ఎవరును లేని సమయమున, దానికి విద్యుత్తు నిలిచిపోయినది. జూన్‌లో జానిబెకోవ్, సవినిఖ్ అను ఇరువురు చేరి చూడగా నీరంతయు గడ్డకట్టియున్నది, పంఖాలు కదలవు, తాము విడిచిన శ్వాసయే తమకు బరువగుచున్నది. వెచ్చని దుస్తులు ధరించి, తీగలను ఒక్కొక్కటిగా కలిపి, వారు దానిని బ్రతికించిరి. పదిమందికి ఆశ్రయమిచ్చిన గృహము, చూచువారు లేని కొద్దికాలములోనే మంచుగుహ అయినది.

పోరుమామిళ్ల శిల చెప్పుచున్నదేమి?

ఇప్పుడు భూమికి దిగుదము. మన సీమలో సాలీనా వాన సుమారు 700 మిల్లీమీటర్లు, పలుచోట్ల అంతకన్న తక్కువ. నైరృతి మేఘము పడమటి కనుమల వద్దనే చాలవరకు కురిసి వచ్చును. ఈశాన్య మేఘము కోస్తాలో కురిసి వచ్చును. మిగిలినది కొన్ని దినములలో కుండపోతగా పడి, రాతి నేలపై నిలువక పారిపోవును. దానిని పట్టి నిలుపనిచో ఇక్కడ జీవనము లేదు. ధాత సంవత్సరమున, అనగా 1876లో, మొదలైన కరువు పిదప జరిగిన 1881 జనగణనలో కర్నూలు జిల్లా జనసంఖ్య పదేండ్ల వెనుకటి లెక్క కన్న దాదాపు నాలుగవ వంతు తగ్గియున్నది. అంతరిక్ష కేంద్రమునకు చుట్టును శూన్యము. మనకు చుట్టును ఎండ. హద్దు కంటికి కనబడకపోవుటయే భేదము.

ఈ హద్దును ఎరిగినవారు కట్టించినదే అనంతరాజ సాగరము. విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు ఉదయగిరి నుండి ఏలుచు దీనిని నిర్మింపజేసెను. ప్రతిదినము వేయిమంది కూలీలు, రాళ్లు మోయుటకు నూరు బండ్లు, రెండేండ్ల కాలము పట్టినదని సంస్కృత శాసనము చెప్పుచున్నది. మంచి చెరువునకు పండ్రెండు సాధనములు, ఆరు దోషములు అందు గణింపబడినవి. ధర్మాత్ముడును కీర్తికాముడును అగు రాజు, జలశాస్త్రము నెరిగిన బ్రాహ్మణుడు, గట్టి మట్టి నేల, మూడు యోజనముల దూరము నుండి వచ్చు తీయని నీటి ఏరు, మిక్కిలి పొడవు గాని దృఢమైన రాతికట్ట, దాపున రాతిగని మొదలైనవి సాధనములు. పండ్రెండవ సాధనము పని నేర్చిన మనుష్యుల సమూహము. రాజుతో మొదలైన గణన పనివారితో ముగియుట గమనింపదగినది.

దోషములను చూడుడు. కట్ట నుండి నీరు ఊరుట, చవుడు నేల, రెండు రాజ్యముల పొలిమేరలో ఉండుట, చెరువు గర్భమున తాబేటి వీపు వలె మెరక యుండుట, నీరు తక్కువై సాగునేల ఎక్కువగుట, నేల తక్కువై నీరు ఎక్కువగుట. ఇవి స్థలమును ఎన్నుకొనువానికి చెప్పిన హెచ్చరికలే. అయినను వీనిలో కొన్ని ఒకసారి తప్పించుకొన్నంతమాత్రమున శాశ్వతముగా తప్పిపోవు. నీరు ఊరుట కట్టిన మరునాడు లేకపోవచ్చును. నూరేండ్లకు ఎలుక బొరియ వలననో, తుమ్మ వేరు వలననో రావచ్చును. గర్భమున మెరక పూడిక వలన ఏటేట పెరుగును. కనుక దోషపరీక్ష అనుదినము చేయవలసినదే. 2020లో అంతరిక్ష కేంద్రపు రష్యా విభాగమున గాలి కొద్దికొద్దిగా కారిపోవుచుండగా, సిబ్బంది టీ ఆకులను గాలిలో విడిచి, అవి ఎటు తేలిపోవునో చూచి సన్నని చీలికను కనుగొనిరి. కట్ట వెంబడి నడచుచు తడి మరకను వెదకిన మన నీరుగంటి చేసిన పనియు అదియే. ఇరువురిని నడిపినది ఒక్కటే బుద్ధి: అనుమానముతో కూడిన శ్రద్ధ.

ఐదవ దోషమును వేరుగా విచారింపవలెను: నీరు కొంచెము, సాగు విస్తారము. అంతరిక్షమున శుద్ధియంత్రము కుదిరిన పిదపనే సిబ్బందిని పెంచిరి. మనము చెరువు వట్టిపోగా బోరు వేసితిమి. బోరు వట్టిపోగా మరింత లోతు బోరు వేసితిమి. యంత్రము యొక్క శక్తిని విచారింపక నివాసులను పెంచుట వంటిదే ఇది. అపరిగ్రహమును గూర్చి ప్రవచనము వినుచు, పొరుగువాని క్రింది నీటిని తోడుకొనుట పొసగదు.

కీర్తి కట్టించును, కాపాడునది మరొకటి

శాసనము మొదటి సాధనముగా కీర్తికాముడైన రాజును పేర్కొనుటలో గొప్ప నిజాయితీ ఉన్నది. నిర్మాణము కీర్తికాంక్ష వలన జరుగునని అది దాచలేదు. సప్తసంతానములలో తటాకమును చేర్చిన సంప్రదాయమును అదే చెప్పుచున్నది: కట్టినవాని పేరు సంతానము వలె నిలుచును. మరి పోషించినవాని పేరు ఏది? ఆరున్నర శతాబ్దములుగా ఆ కట్టపై రాయి జారినప్పుడు సర్దినవారు, తూము మూసుకొన్నప్పుడు నీటిలో మునిగి తీసినవారు, మరవ తెగినప్పుడు రాత్రికి రాత్రి మట్టి మోసినవారు శిలపై లేరు. చెరువు మాత్రము ఉన్నది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘము పోరుమామిళ్ల చెరువును, దానితో పాటు కర్నూలు–కడప కాలువను వారసత్వ నిర్మాణములుగా గుర్తించినది. అది సంతోషకరమే. కాని పూడిక బిరుదులను చదువదు.

దేవాలయ విషయమున ఈ సత్యము మనకు చక్కగా తెలియును. ప్రతిష్ఠ ఒకసారి జరుగును. నిత్యార్చన ప్రతిదినము జరుగవలెను. అర్చన లోపించినచో ప్రాయశ్చిత్తము, సంప్రోక్షణము విధించినారు. జీర్ణోద్ధారమునకు ఆగమములలో ప్రత్యేక విధానమే కలదు. ప్రతిష్ఠ వైభవముగా చేసి, మరునాటి నుండి దీపము పెట్టని గ్రామమును మనము నిందింతుము. జలాశయమునకు ఈ న్యాయము ఏల వర్తింపదు? ఇష్టము, పూర్తము అని జంటగా చెప్పిన పెద్దలు చెరువులను, బావులను పూర్తధర్మములో చేర్చినారు. చెరువు నిండి మరవ పారినప్పుడు పసుపు కుంకుమలతో గంగపూజ చేయు ఆచారము మన సీమలో నేటికిని ఉన్నది. అది ఆ జలదేవతకు ఉత్సవము. తూము చూచుట, వంకలు బాగుచేయుట, ముళ్లతుమ్మ పెరికివేయుట ఆమెకు నిత్యార్చన. ఉత్సవము చేసి అర్చన మానినవారము మనము.

మూడు ఆక్షేపములు

కొందరు ఆస్తికులు శౌచమును గూర్చి ఆక్షేపింతురు. మూత్రము నుండి వచ్చిన నీటిని త్రాగుటయా అని. భూమి చేయుచున్నదేమి? మహానందిలో ఊట నీరు నిరంతరము కోనేటిలోనికి వచ్చుచు, భక్తుల స్నానానంతరము వెలుపలికి పోయి పొలములను, అరటి తోటలను తడుపుచున్నది. ఆ నీరే ఆవిరియై, మేఘమై, మరల ఎవరి పాత్రలోనో చేరును. సూర్యుడును, మట్టియును, కాలమును చేయు శుద్ధిని అక్కడ యంత్రము గంటలలో చేయుచున్నది. శౌచమనగా నీటి పూర్వజన్మను మరచుట కాదు. దానిని శుద్ధి చేయు బాధ్యతను స్వీకరించుట. చెరువు పూడిక రైతు పొలమునకు బలమైన ఎరువగుటలోను ఇదే రహస్యమున్నది. ఒకచోట మలినమైనది మరొకచోట అన్నమగును. గీత మూడవ అధ్యాయములో చెప్పిన యజ్ఞచక్రము ఇట్టిదే. దానిని త్రిప్పక, దాని ఫలమును మాత్రము అనుభవించువాని బ్రతుకు వ్యర్థమని భగవానుని నిర్ణయము.

ముముక్షువునకు దేహపోషణమేల, దృష్టి ఆత్మపై ఉండవలెను గదా అని మరికొందరు అందురు. ఛాందోగ్యములో ఇంద్రియములు తమలో ఎవరు శ్రేష్ఠులని వివాదపడిన కథ మీకు తెలిసినదే. వాక్కు పోయినను, చూపు పోయినను బ్రతుకు సాగినది. ప్రాణము బయలుదేరబోగా అన్నియు తమ కీలములతో సహా పెరికివేయబడినట్లయినవి. ఎవరును స్తుతింపని పనిని నిరంతరము చేయుచుండుట వలననే ప్రాణమునకు జ్యేష్ఠత్వము వచ్చినది. అంతరిక్షమున పంఖా చప్పుడు ఆగినచో అందరును మేల్కొందురు. తిరుగుచున్నంతసేపు దానిని ఎవరును తలవరు. అట్టి సేవను హీనమనుట వేదాంతము కాదు.

ఇది ప్రభుత్వము పని అనునది మూడవ ఆక్షేపము. ఇందులో సగము నిజమున్నది. అంతరిక్ష కేంద్రమును సైతము భూమి నుండి వందలాది మంది గమనించుచు, ఆజ్ఞలు పంపుచుందురు. అయినను మరను విప్పవలసిన చేయి లోపల ఉన్నవానిదే. ప్రభుత్వము ధనమీయవలెను, ఆక్రమణలను తొలగింపవలెను. తడి మరకను మొదట చూచువాడు మాత్రము ఊరివాడే. గగనయానమునకు కావలసిన ప్రాణరక్షణ వ్యవస్థ ఇతర దేశముల నుండి లభింపనందున మనమే రూపొందించుకొనుచున్నామని ఇస్రో అప్పటి అధ్యక్షులు సోమనాథ్ 2023లో చెప్పినారు. ఊపిరిని అరువు తెచ్చుకొనుట కుదరదు. నీటికిని అంతే.

అయితే పోషణమును కేవలము భక్తికి వదలుటయు అన్యాయమే. పూర్వము చెరువును బాగుచేయువారికి దశబంధము పేర భూములను మాన్యముగా ఇచ్చిరి. నిత్యకర్మ చేయువానికి నిత్యభుక్తి కల్పించిరి. 19వ శతాబ్దమున చెరువుల పెత్తనము క్రమముగా ప్రభుత్వ శాఖల చేతికి పోగా ఆ బంధము సడలినది. కనుక శ్రమదానమని కేక వేసి, ఫొటో తీసికొని, పేదవాని చేతికి పార ఇచ్చి వెడలుట ధర్మము కాదు.

సంకల్పము

నా విన్నపములు స్వల్పములు. దాతలు తమ దానములో కొంత భాగమును క్రొత్త కట్టడమునకు గాక, ఉన్నదాని పోషణమునకై కేటాయింపవలెను. ఆ ధనముతో గ్రామమున ఒక నీరుగంటికి ఏడాది పొడవునా గౌరవప్రదమైన జీతమీయవలెను. తొలకరికి ముందు చెరువునకు నీరు తెచ్చు వంకలను శుభ్రపరచుటను, ఏకాదశీ వ్రతము వలె, తిథి పెట్టుకొని చేయవలెను. కర్నూలులో వినాయక నిమజ్జనము కర్నూలు–కడప కాలువలో జరుగును. ఆ నీరు దిగువన పొలములకు పోవును. రంగులు పూసిన ప్లాస్టరు విగ్రహమునకు బదులు మట్టి విగ్రహమును చేయుట స్వామికి లోటు కాదు. వ్యోమగాముల లేపనము పానపాత్రలోనికి వచ్చిన వృత్తాంతమును ఆ దినమున స్మరింపుడు.

అంతరిక్షమున ఆ మరమ్మతులు చేయువారికి ఒక సౌలభ్యమున్నది: తప్పినచో ఫలము తమకే, ఆ దినమే తెలియును. మన ప్రత్యవాయము మందగతిన వచ్చును. తండ్రి మానిన పూడికతీత కుమారుని కాలమున కరువై కనబడును. కుమారుడు దానిని దైవకృతమనుకొనును. ఆ పొరపాటు మాటను మన బిడ్డల నోట పలికింపకుండుటయే ఈ వ్యాసము కోరునది. స్వస్తి.